తెరుచుకోని తలుపు ముందు పిల్లలు

నమోదు 61

పొద్దున గాలి వడపోత గుడ్డలు ఉతికే వంతు నాది. ధూళికాలం మొదలైంది, ఎంత జాడించినా నీళ్ళు ఇటుక రంగులోనే దిగుతున్నాయి. చేతులు తుడుచుకుంటూ సొరంగంలోకి వచ్చేసరికి గోడ మీది తెరలో మండలి ప్రకటన కనిపించింది. వచ్చే సమావేశంలో చిన్నబడి మూసివేత మీద ఓటింగు పెడతారట. పదేళ్ళలోపు పిల్లలకు తలపట్టీ పెట్టి రాత్రిళ్ళు నేర్పే నిద్రపాఠం ఒక్కటే ఇకపై చాలునట. బడి గదికి వెలుతురూ నీటిగొట్టమూ రెండూ ఉన్నాయి గనక అక్కడ బంగాళాదుంపల అరలు వేస్తారట.

మండలిని తిట్టుకోవడానికి మనసు రాలేదు. రెండో గుమ్మటంలో తెగులు వచ్చి దుంపలు అరల్లోనే కుళ్ళిపోయాయి. పీల్చే గాలి లేని నేల మీద గుమ్మటాలు కట్టుకున్న మా వలస ఎర్రదిబ్బలో ప్రతి ఒక్కరికీ ఆ సంగతి రోజూ కంచంలో తెలుస్తూనే ఉంది.

పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో చూసి మండలికి చెప్పడం నా ఉద్యోగం. తలుపు మీద విద్యా పరిశీలన విభాగం అని రాసి ఉంటుంది కానీ విభాగమంతా నేనొక్కదాన్నే. గాలి కారితే పిల్లలు ఎలా బయటపడతారో చూడటానికి ఈమధ్యే కసరత్తులు చేయించాను. ఒకటో గుమ్మటం పిల్లలకు రాత్రి నిద్రపాఠమూ ఉంది, పగలు బడీ ఉంది. మూడో గుమ్మటం పిల్లల అమ్మానాన్నలు నీటి కేంద్రంలో షిఫ్టుల్లో పనిచేస్తారు. సొరంగం దాటించి బడికి తీసుకెళ్ళే మనిషి లేక పోయినేడు వాళ్ళను బడి మాన్పించేశారు. వాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళకు నిద్రపాఠం తప్ప మరొకటి లేదు.

మామూలు కసరత్తులో మూడో గుమ్మటం పిల్లలే ముందు బయటపడ్డారు. మాస్కు, దాని పట్టీ, వరుస, తలుపు మీటా, ఎక్కడా తడబాటు లేదు. ఆ తర్వాత గాలితలుపుల పర్యవేక్షకుడు ఖాజాతో చెప్పి, ఎవరి గుమ్మటంలో వాళ్ళ తలుపు తెరుచుకోకుండా బిగించి మళ్ళీ చేయించాను. ఒకటో గుమ్మటం పిల్లలు నానా గోల చేశారు. తోసుకున్నారు, ఒకడు ఏడుపందుకున్నాడు. ఆ గోలలోనే ఎవరో పక్క తలుపు మాట ఎత్తారు, అందరూ అటు పరిగెత్తారు. మూడో గుమ్మటం పిల్లలు మాత్రం బిగిసిన తలుపు ముందు వరుసగా నిలబడ్డారు. పక్క తలుపు వాళ్ళకు కనిపిస్తూనే ఉంది. మేం వెళ్ళి తలుపు తీసేదాకా ఎవరూ కదల్లేదు, ఏం చేద్దామని పక్కవాళ్ళను అడగనూ లేదు.

రెండు కసరత్తుల సంగతీ వివరంగా రాసి మధ్యాహ్నం మండలికి పంపాను. ఓటింగుకు ముందే వాళ్ళు చదివితే చాలు.

నమోదు 62

చదివారు, సగం.

అన్ని తెరల మీదా ఒకటే వాక్యం తిరుగుతోంది. "నిద్రపాఠం పిల్లలే అత్యవసర శిక్షణలో ముందు: విద్యా పరిశీలన విభాగం." మండలి కార్యదర్శి నా నివేదికలోని మొదటి పేరాను తీసి తెరకు ఎక్కించాడు. అబద్ధమేమీ లేదు. ఆ పేరా నేను రాసిందే.

ఎర్నమ్మ టీచరు నా గదికి వచ్చారు. ఎర్రదిబ్బలో పాతికేళ్ళు దాటని వాళ్ళందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి ఆవిడ. కూర్చోమంటే కూర్చోలేదు. బడిలో మూల కూర్చుని వారాలకు వారాలు పిల్లల్ని చూసిన దానివి, చివరికి ఈ మాట రాయడానికా అని అడిగారు. నివేదిక మొత్తం తెరిచి ఆవిడ చేతికిచ్చాను. నిలబడే చదివారు. చదివాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇంత రాసి, మంచిమాట ముందెట్టేవేటి?"

కసరత్తులు జరిగిన వరుసలోనే రాశానని చెప్పాను. మండలి వాళ్ళు మొదటి పేరా దాటి చదవరని తెలీదా అన్నారు ఆవిడ. వాళ్ళను తప్పుపడుతున్నట్టు కూడా అనిపించలేదు. వాళ్ళకి గాలి, నీళ్ళు, తిండి అన్నీ చూసుకోవాలట, నా కాగితం ఎక్కడని చదువుతారట.

కార్యదర్శికి కబురు చేశాను. తెర మీద ఒక్క వాక్యానికే చోటు ఉంటుందన్నాడు.

నమోదు 63

మండలి పెద్ద పైడిరాజుగారు ఆఫీసులో దొరకరు. తెగులు వచ్చినప్పటినుంచీ రెండో గుమ్మటంలోనే ఉంటున్నారు. వెళ్ళేసరికి మోకాళ్ళ మీద కూర్చుని అరలోంచి మొక్కలు పీకుతున్నారు. మొక్కల వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి.

ఆయన పని ఆపకుండానే విన్నారు. బిగిసిన తలుపు సంగతి చెప్పినప్పుడు మాత్రం చేయి ఆగింది.

"అమ్మా కోమలీ, ఒక్క ముక్కలో చెప్పు. బడి మూసీస్తే పిల్లలు చచ్చిపోతారా?"

తెలీదన్నాను. నేను చూసింది కొద్దిమందినే, అదీ ఒక్కసారే. మూడో గుమ్మటం పిల్లలకు వేరే ఇబ్బందులేమైనా ఉన్నాయేమో కూడా తేల్చుకోలేదు. కానీ చూసినంతలో నాకు భయంగా ఉందని చెప్పాను.

ఆయన కుళ్ళిన మొక్కను నా ముందు పెట్టారు. ఇది తనకు తెలుసట. అరలు పెంచకపోతే రెండు పంటల తర్వాత కంచాల్లో ఏముంటుందో కూడా తెలుసట. ఒకవైపు తెలిసింది ఉంది, రెండోవైపు నా భయం ఉంది. తానేం చేయాలో నన్నే చెప్పమన్నారు. ఆయనమీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

చివరికి సమావేశంలో ఓటింగుకు ముందు మాట్లాడే అవకాశం ఇస్తానన్నారు. కొంచెం సేపే. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, ముందుది ముందు చెప్పమని అన్నారు.

నమోదు 64

మండలితో మాట్లాడేలోపు ఈ సంగతి పిల్లలతో రోజూ పనిచేసేవాళ్ళకు తెలియాలనిపించింది. ఎర్నమ్మ టీచర్నీ, ఆవిడ దగ్గర చేసే ఇద్దరు పంతుళ్ళనీ, ఖాజానీ, అతని తలుపుల సిబ్బందినీ బడి గదిలో కూర్చోబెట్టి వీడియోలు చూపించాను. మూడో గుమ్మటం పిల్లలు వరుసగా నిలబడి ఉన్న చోట ఖాజా ఆపమన్నాడు. ముందుకు వంగి చాలాసేపు చూశాడు. పెద్ద తుఫాను వచ్చినప్పుడు మీటలు బిగుసుకుపోవడం మామూలేనని, తాను సుత్తితో తెరిచిన తలుపులు చాలానే ఉన్నాయని చెప్పాడు. ఇది ఎప్పుడో జరిగే సంగతి కాదని నాకు అప్పుడు తెలిసింది. నా నివేదికలో ఆ మాటే లేదు.

అందరూ వెళ్ళాక ఎర్నమ్మ టీచరు ఉండిపోయారు. మండలిలో నువ్వు తెలీదు అన్నావంటే ఆ ఒక్కమాటే మిగుల్తుందని అన్నారు. పిల్లలు చచ్చిపోతారని చెప్పీమన్నారు. అది అబద్ధమని ఎవరనగలరు అని అడిగారు.

నేను అనగలను. కానీ ఆవిడ ముఖంలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

ఇక దాలినాయుడు దగ్గరకు వెళ్ళాలి. నిద్రపాఠాలన్నీ అతను తయారుచేసినవే. ఒకే వలసనౌకలో పక్కపక్క అరల్లో పడుకుని పెరిగాం. సమావేశంలో నన్ను నిలదీసేవాడు ఎవరన్నా ఉంటే అది అతనే. ఆ మాటేదో ముందే వినడం మంచిది.

నమోదు 65

దాలినాయుడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. వీడియోలన్నీ తనకిచ్చేసి వెళ్ళమన్నాడు.

సాయంత్రం పిలిచాడు. బొమ్మ తీసేసి శబ్దం ఒక్కటే వినిపించాడు. ఒకటో గుమ్మటంలో పిల్లల కేకలు స్పష్టంగా ఉన్నాయి. మూడో గుమ్మటంలో రొద తప్ప ఏమీ లేదు. నీటి కేంద్రం పంపులు ఆ గోడకు అవతలే తిరుగుతాయి. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఆ రొద చెవిన పడదు. కసరత్తు రోజున నేనూ పట్టించుకోలేదు.

"మాస్కులేసుకుని, ఆ రొదలో ఒకలి మాట ఒకలికెలగ వినిపిస్తాది? అడగలేదని నా పాఠాన్నంటన్నావు. అడిగినా వినిపించదు గదా," అన్నాడు.

అతను చెప్పింది నిజం. పిల్లలు కదలకపోవడానికి కారణం నిద్రపాఠం కావచ్చు, పంపులూ కావచ్చు. రెండూ కావచ్చు. నా కసరత్తు ఆ రెంటినీ విడదీయలేదు.

సమావేశంలో చెప్తావా అని అడిగాను. నువ్వే చెప్పుకుంటావనుకున్నాను అన్నాడు.

ఎర్నమ్మ టీచరుకు చెప్పాను. అతను పైకి అనకపోతే నువ్వూ అనకమ్మా అని మెల్లగా అన్నారు. ఆ బడిలో ఆవిడ జీవితమంతా ఉంది. నేను వచ్చేశాను. వచ్చే దారిలో తెరలన్నిటిమీదా నా విభాగం పేరు వెలుగుతూనే ఉంది.

నమోదు 66

సమావేశం ముగిసింది. మర్చిపోకముందే రాయాలి.

మండలి సభ్యులు తొమ్మిదిమంది. ముందుది ముందు చెప్పమన్నారు కదా అని, బిగిసిన తలుపు సంగతితోనే మొదలుపెట్టాను. వీడియో వేశాను. వాళ్ళ ముఖాలు చూస్తే అక్కడితో ఆపేస్తే చాలని అర్థమైంది. మూడో వరుసలో ఎర్నమ్మ టీచరు నావైపే చూస్తున్నారు.

అప్పుడు పంపుల సంగతి చెప్పాను. ఆ శబ్దం వినిపించాను. పిల్లలు నిలబడిపోవడానికి అది కూడా కారణమై ఉండొచ్చునని, ఏది ఎంతో నాకు తెలీదని చెప్పాను. ఎర్నమ్మ టీచరు తల దించుకున్నారు.

భోజనశాల తరఫున వచ్చిన సభ్యురాలు మంగవేణిగారు లేచారు. చెప్పేవాళ్ళకే తెలియనప్పుడు ఇంక చర్చ దేనికి, ఓటు పెట్టేయండి అన్నారు. నలుగురైదుగురు తలూపారు.

ఒక్క కసరత్తు మళ్ళీ చేయనివ్వమని అడిగాను. అదే పిల్లలతో, అదే తలుపు దగ్గర, పంపులు ఆపేసి. మండలి వచ్చి కళ్ళారా చూడాలి. పిల్లలు పక్క తలుపుకు వెళ్తే నిద్రపాఠం మీద నా అనుమానం తప్పని నేనే తెర మీద రాస్తాను. పంపులు ఆపడమంటే ఆ పూట అందరికీ నీళ్ళు తగ్గడమే. గొణుగుడు మొదలైంది.

అప్పుడు దాలినాయుడు లేచాడు. తనకూ ఆ కసరత్తు కావాలన్నాడు. ఆ పిల్లలు బిగిసిన తలుపును ఒకసారి చూసే ఉన్నారు కాబట్టి ఈసారి కచ్చితంగా పక్క తలుపుకు వెళ్తారని, అది అందరూ చూడాలని అన్నాడు. నన్ను సమర్థించడానికి కాదు, నన్ను ఓడించడానికే అడిగాడు. అయినా ఆ మాటతోనే పని జరిగింది. పైడిరాజుగారు ఓటింగును కసరత్తు దాకా వాయిదా వేశారు.

బయటికి వస్తుంటే ఎర్నమ్మ టీచరు నన్ను దాటుకుని వెళ్ళిపోయారు.

నమోదు 67

పిల్లలకు ముందుగా చెప్పకూడదు, కానీ అమ్మానాన్నలకు చెప్పి ఒప్పించాలి. ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది వెంటనే సరేనన్నారు. నీళ్ళ షిఫ్టులో చేసే పోలమ్మ ఒక్కతే అంగీకారపత్రం మీద వేలిముద్ర వేయలేదు. ఆమె కూతురు ముత్యాలుకు ఎనిమిదేళ్ళు. కిందటి కసరత్తులో వరుసకు ముందు నిలబడిన పిల్ల.

బడి మాన్పించినందుకు తనను తప్పుపట్టడానికే వచ్చానని పోలమ్మ అనుకుంది. షిఫ్టునుంచి అప్పుడే వచ్చింది, తడి బూట్లు కూడా విప్పలేదు. ఎవరికీ పిల్లను బడి మాన్పించాలని ఉండదని, సొరంగం దాటించే మనిషిని ఇమ్మని రెండుసార్లు అడిగితే మండలి ఇవ్వలేదని చెప్పింది. తర్వాత అసలు సంగతి అడిగింది.

"తలుపు రాదని తెలిసీ నా గుంటని దాని ముందలెడతారు. అది బయపడిపోతే మరెవలు చూస్తారు?"

గాలి నిజంగా కారదని, ఏ పిల్లయినా ఏడిస్తే ఆపేస్తానని మాటిచ్చాను. మేం చూసే అద్దం వెనక తననూ ఉండనివ్వాలంది. సరేనన్నాను. అప్పుడు వేలిముద్ర వేసింది.

ముత్యాలు మూల కూర్చుని మాస్కు పట్టీలు సర్దుతోంది. తల్లి ఏమీ అడగకుండానే నాకు అడుగులన్నీ వరసగా అప్పజెప్పింది. ఎక్కడా తప్పలేదు.

నమోదు 68

పంపులు ఆపగానే మూడో గుమ్మటంలో వచ్చిన నిశ్శబ్దానికి పెద్దవాళ్ళమే తల పైకెత్తి చూశాం. అద్దం వెనక మండలి సభ్యులు, దాలినాయుడు, పోలమ్మ, నేను. తలుపు పక్కన ఖాజా. అసలు గాలి కారితే ఆ హాల్లోనూ మాస్కుల్లోనూ కలిపి గాలి ఎంతసేపు ఉంటుందో అతని దగ్గరి కొలత పలక మీది ముల్లు చూపిస్తుంది. ముల్లు సున్నాకు చేరేదాకా ఎవరూ కలగజేసుకోకూడదని ఒప్పందం.

సైరన్ మోగింది. పిల్లలు ఆడుకుంటున్న చోటునుంచి లేచారు. మాస్కులు ఎక్కాయి, పట్టీలు బిగిశాయి, వరుస కుదిరింది. చూడటానికి ముచ్చటగా ఉంది. మంగవేణిగారు మెచ్చుకోలుగా ఏదో అన్నారు కూడా. ముత్యాలు మీట నొక్కింది. తలుపు రాలేదు.

మళ్ళీ నొక్కింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ పిల్ల ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది, పక్క తలుపు చూస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తిరగాలనే కోరుకున్నాను.

ముత్యాలు చేయి మాస్కు మీదికి వెళ్ళింది. పట్టీ సర్దుకుంది. వెనక్కి చూసి వరుస సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. మీట నొక్కింది. తర్వాత మళ్ళీ మాస్కు, పట్టీ, వరుస, మీట. వెనకున్న పిల్లలూ అలాగే మొదటి అడుగునుంచి మళ్ళీ మొదలుపెట్టారు. పారదర్శకమైన మాస్కుల్లో పెదవులు కదులుతున్నాయి. పాఠం వల్లించుకుంటున్నారు. గదిలో ఏ రొదా లేదు. గట్టిగా గుసగుసలాడినా అందరికీ వినిపించేంత నిశ్శబ్దం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

వరుస చివర ఉన్న కవల అన్నదమ్ములిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు రెండోవాడి చెయ్యి లాగాడు. ఇద్దరూ వరుస విడిచి పక్క తలుపుకు పరిగెత్తి మీట నొక్కారు. తలుపు తెరుచుకుంది. దాలినాయుడు గట్టిగా ఊపిరి వదిలాడు. ఇక మిగతావాళ్ళూ వెళ్తారనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

పిల్లలందరూ ఆ తెరుచుకున్న తలుపును చూశారు. ముత్యాలు కూడా చూసింది. చూసి, మళ్ళీ తన మీట వైపు తిరిగింది.

పోలమ్మ అరచేతులతో అద్దాన్ని బాదడం మొదలుపెట్టింది. మందమైన అద్దం, అవతలికి వినిపించదు. పైడిరాజుగారు నావైపు చూశారు, నేను ఖాజావైపు చూశాను. ఎవరూ ఏడవడం లేదు. అదే భయంకరంగా ఉంది. ఆపమందామని నోరు తెరిచేలోపు ఖాజా గొంతు లోపలి స్పీకరులోంచి వచ్చింది.

"గాలి అయిపోయింది."

తలుపు బిగింపు వదిలాడు. తలుపు తెరుచుకుంది. పన్నెండుమంది పిల్లలు వరుస చెదరకుండా నడుచుకుంటూ బయటికి వచ్చారు.

పోలమ్మ పరిగెత్తుకెళ్ళి కూతుర్ని ఎత్తుకుంది. ముత్యాలుకు అర్థం కాలేదు. తల్లి భుజం మీదినుంచి నన్ను చూసి, బాగా చేశానా అని అడిగింది. అడుగులన్నీ బాగా చేశావని చెప్పాను. ఆ పక్క తలుపు కనిపించలేదా అని అడిగాను. కనిపించిందంది. వాళ్ళిద్దరూ అటు వెళ్ళినప్పుడు నువ్వెందుకు వెళ్ళలేదు, పోనీ ఏం చేద్దామని వెనకవాళ్ళనెందుకు అడగలేదు అన్నాను.

ఆ పిల్ల నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది.

"పాటంలో ఇంకెవులూ ఉండరు గదా. నేనొక్కద్దాన్నే ఉంటాను."

దాలినాయుడు నా పక్కనే ఉన్నాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి, ఒక్కొక్కరి నిద్రకు ఒక్కొక్క పాఠం, నేను అలాగే కట్టాను అన్నాడు. ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు. నేను గెలిచానని అతను అనుకుని ఉంటాడు. నాకలా అనిపించలేదు. ముల్లు సున్నా మీద ఉన్నప్పుడు మీట నొక్కుతున్న ఆ చిన్న వేళ్ళే కళ్ళముందు ఆడుతున్నాయి.

నమోదు 69

ఓటింగుకు ముందు పైడిరాజుగారు మళ్ళీ అదే అడిగారు, ఒక్క ముక్కలో చెప్పమని. ఒక్క ముక్కలో చెప్పలేనన్నాను. రొద లేకపోయినా పన్నెండుమంది కదల్లేదు. ఇద్దరు కదిలారు, వాళ్ళు ఇంట్లో పొద్దస్తమానం ఒకరితో ఒకరు మాట్లాడుకునే కవలలు. బడి ఉంటే అందరూ కదులుతారని చెప్పలేను. బడికి వెళ్ళే పిల్లలు గోల చేస్తారని, ఆ గోలలో దారి దొరకడం చూశానని మాత్రం చెప్పగలను.

మంగవేణిగారు ఇది తిండికి సంబంధించిన విషయమని మర్చిపోవద్దన్నారు. బడి ఉంచితే కంచంలో ఎంత తగ్గుతుందో లెక్క చెప్పారు. కష్టమైన లెక్కే. చెప్పేసి, ఆవిడ బడి ఉంచాలనే చెయ్యెత్తారు.

ఐదుగురు ఎత్తారు, నలుగురు ఎత్తలేదు. బడి ఉంటుంది. ఒక గోడ పొడవునా అరలు వేసుకోమని ఎర్నమ్మ టీచరు తనే ఒప్పుకున్నారు. మూడో గుమ్మటం పిల్లల్ని సొరంగం దాటించడానికి తలుపుల సిబ్బందిలో ఒకరిని ఇచ్చారు. కొత్త పంట చేతికొచ్చేదాకా అందరికీ రాత్రి భోజనంలో దుంపలు ఉండవు, గంజి మాత్రమే.

టీచరు నాతో ఒక్క మాటే అన్నారు. ఆ రోజు నువ్వు పంపుల మాట ఎత్తినప్పుడు నిన్ను కొట్టాలనిపించింది అని. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నమోదు 74

ఎవరో నా గది తలుపు మీద ఎర్రమన్నుతో "ప్రశ్నలు వండుకు తినండి" అని రాశారు. తుడిచాను. మర్నాడు మళ్ళీ రాశారు. గంజి వరుసలో నా వెనక నిలబడేవాళ్ళు నాతో మాట్లాడటం లేదు. నాకూ కడుపు కాలుతూనే ఉంది, వాళ్ళనేమని అనను.

దాలినాయుడు ఇద్దరు పిల్లలు ఒకే పాఠంలో కలుసుకునేలా నిద్రపాఠాన్ని మార్చాలని చూస్తున్నాడు. మొదటి ప్రయత్నంలో పాఠంలోని ఇద్దరు పిల్లలూ ఒకేసారి ఒకే మాట అన్నారట. పిల్లలు అలా ఉండరు కదా అని తనే నవ్వాడు. బడిలో కూర్చుని నిజంగా వాళ్ళు ఎలా పోట్లాడుకుంటారో చూడాలని ఎర్నమ్మ టీచర్ని అనుమతి అడిగాడు. ఆవిడ వెనక బల్ల చూపించారట.

నమోదు 80

ఈరోజు గంజి వరుసలో పోలమ్మ నా ముందు ఉంది. కసరత్తు తర్వాత ఆమె నాతో మాట్లాడటం ఇదే మొదలు. వెనక్కి తిరిగి చూసి, ముఖం చిట్లించుకుంది.

"నీ బడి వల్ల నాకు నిద్ర లేకుండా పోయింది, మేడంగారూ."

ముత్యాలు ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నోరు మూయదట. గంజిలో ఉప్పెందుకు, పంపు ఎందుకు తిరుగుతుంది, నాన్న గురక ఎందుకు పెడతాడు, అన్నిటికీ ఎందుకేనట. అంతటితో అయిందా అంటూ అసలు ఫిర్యాదు చెప్పింది. నిన్న సాయంత్రం షిఫ్టు దిగి పడుకుందట. కరెంటు పోయి గది తలుపు బిగుసుకుపోయింది. తాను ఎంత గుంజినా రాలేదు. ఊపిరాడనట్టు అయి అక్కడే కూలబడిపోయిందట. ముత్యాలు ఆమె పక్కన కూర్చోలేదు, మాస్కూ పెట్టుకోలేదు. చెప్పు తీసి పక్కగోడ మీద ఒకటే బాదుడు. పక్కింటి ముసలాయన నిద్రలేచి తిట్లు లంకించుకున్నాడట. ఆయన తిడుతున్నంతసేపూ ఈ పిల్ల, తలుపు ఎలాగ తీస్తారో చెప్పు తాతా, చెప్పు తాతా అని అరుస్తూనే ఉందట. ఆయన తిడుతూనే వచ్చి బయటినుంచి చేతిమీట తిప్పి తెరిచాడు.

"పెద్దాయనతో అలగరుస్తారేటి? పరువు తీసీసింది," అంది పోలమ్మ.

బడి మాన్పించమంటావా అని అడిగాను. వరుస కదిలింది. గిన్నె నింపించుకుని, నా ముందునుంచి పోతూ ఆగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. రేపటినుంచి పొద్దున షిఫ్టు మార్పించుకున్నానని, పిల్లని సొరంగం దాటించడానికి తానే వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

పైడిరాజుగారికి ఈ సంగతి ఎవరో చేరవేశారు. తెర మీద వేద్దాం, ఒక వాక్యం రాసివ్వమని కబురు పంపారు. వద్దని చెప్పి పంపాను. ఒక్క పిల్ల, ఒక్కసారి, ఒక తలుపు. దానితో ఏదీ రుజువు కాదు. నివేదికలో పెట్టను.

ఇక్కడ మాత్రం రాసుకున్నాను.